హోప్ వేరు, ఎక్స్‌పెక్ట్ వేరు

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ఒక బిల్డింగులో అన్నిటికన్నా పై అంతస్తులో నేను స్పోకెన్ ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. కింద టిఫిన్ సెంటరు, దాని మీద కంప్యూటర్ కోర్సులు, దాని మీద బ్యాంకు పరీక్షల కోచింగు, ఆ పైన మేము. పొద్దున బ్యాచికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఉద్యోగస్తులే. మెట్ల మీదుగా ఎక్కివచ్చే దోసెల వాసన పీలుస్తూ ఖాళీ కడుపుతో పాఠం వినేవాళ్ళు. నాది తెనాలి పక్కన ఒక ఊరు. ఎమ్మే ఇంగ్లీషు చదివి, కాలేజీలో ఉద్యోగం దొరక్క, చంపాపేటలో ఒక గది అద్దెకు తీసుకుని ఇక్కడ చేరాను. దొరికేదాకా ఉందామనుకున్న ఉద్యోగంలోనే ఏళ్ళు గడిచిపోయాయి.

నాకు క్రియలంటే ఇష్టం. తెలుగులో మనం 'చూడు' అనే ఒక్క మాటతో సంసారమంతా నెట్టుకొస్తాం. సినిమా చూస్తాం, దారి చూస్తాం, సంబంధాలు చూస్తాం, అమ్మను చూసుకుంటాం. ఇంగ్లీషువాడు అలా ఊరుకోలేదు. కంట పడితే సీ అన్నాడు, కావాలని కళ్ళు తిప్పితే లుక్ అన్నాడు, కదిలేదాన్ని కాసేపు వదలకుండా చూస్తే వాచ్ అన్నాడు. వీటి తేడాలు చెబుతూ నేను సిలబస్ మరిచిపోయేవాణ్ణి. "సార్, ఇంటర్వ్యూలో ఇవన్నీ అడుగుతారా?" అని ఎవరో ఒకరు గుర్తుచేస్తే మళ్ళీ 'మే ఐ కమిన్' దగ్గరికి వచ్చేవాణ్ణి.

ఆ బ్యాచిలో ఒక అక్కా తమ్ముడూ ఉండేవారు. నల్లగొండ దగ్గర పల్లె వాళ్ళది. అక్కకు ముప్పై దాటి ఉంటాయి. ఎల్బీనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి రిసెప్షన్‌లో పని, ఆ పక్కనే మేడ మీద గదిలో అద్దెకు ఉండేవారు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి ఊళ్ళోనే ఉండేది. తమ్ముణ్ణి ఇంటర్ నుంచి తన దగ్గర పెట్టుకుని ఈమే చదివించింది. అతను డిగ్రీ ముగించి ఎస్సై పరీక్షకు తయారవుతున్నాడు. సరూర్‌నగర్‌లో పరుగు పూర్తిచేసి, చెమట ఆరకముందే వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. ఇంగ్లీషు బాగానే అర్థమయ్యేది కానీ నోరు తెరిచేవాడు కాదు. ఏదడిగినా తెలుగులోనే జవాబు.

"ఒక్క వాక్యం అనండి, తప్పయినా పర్లేదు," అనేవాణ్ణి.

"పోలీసోనికి గింత ఇంగ్లీష్ ఎందుకు సార్?" అనేవాడు.

"సార్ చెప్పంగ వినరాదుర," అని ముందు బెంచీలోంచి అక్క వెనక్కి తిరిగేది. ఆమె మాత్రం ఏ వాక్యమూ వదిలేది కాదు. అర్థం కానిదాన్ని పెదాలు కదుపుతూ నాలుగుసార్లు నములుకునేది.

తెలంగాణ ఉద్యమం బాగా ముదిరిన రోజులవి. ఒక రోజు బంద్, ఒక రోజు రాస్తారోకో, మధ్యలో క్లాసులు. ఆ తర్వాత సమ్మె వచ్చి బస్సులు డిపోల్లోంచి కదలడం మానేశాయి. వచ్చేవాళ్ళు నడిచో, షేర్ ఆటోలో ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చునో వచ్చేవారు. అలాంటి ఒక పొద్దున బోర్డు మీద నాలుగు క్రియలు రాశాను. వెయిట్, ఎక్స్‌పెక్ట్, హోప్, విష్.

"మనకు ఎదురుచూడటం అంటే ఒకటే," అన్నాను. "వీళ్ళకు నాలుగు రకాలు. మీరు బస్టాపులో నిలబడ్డారు. ఊరికే నిలబడి ఉండటం వెయిట్. మామూలు రోజు, బస్సు టైముకు వస్తుందని లెక్క ఉంది, అది ఎక్స్‌పెక్ట్. సమ్మె మొదలైన రోజు ఒకటో రెండో తిరగొచ్చు, తిరగకపోవచ్చు, వస్తే బాగుండుననుకుంటారు, అది హోప్. ఇవాళ్టికి ఇన్ని రోజులైంది, బస్సు రాదని మీకు తెలుసు. తెలిసి కూడా అబ్బా, ఇప్పుడొక బస్సు వస్తేనా అనుకుంటే అది విష్."

గదంతా నవ్వింది. నాకూ సంతోషమేసింది. ఇంత చక్కగా ఏ పుస్తకంలోనూ ఉండదనుకున్నాను. అప్పుడు వెనక నుంచి తమ్ముడి గొంతు వినిపించింది.

"గీ లెక్కన తెలంగాణ సంగతి ఏంది సార్? హోపా, ఎక్స్‌పెక్టా?"

"మీరే చెప్పండి," అన్నాను.

"మేమైతే ఎక్స్‌పెక్ట్ చేస్తున్నం. ఒస్తది. మీవోళ్ళేమో రావద్దని హోప్ చేస్తున్నరు. గంతే కద సార్ ఫరక్?"

నవ్వు ఆగిపోయింది. ఆ గదిలో సగంమంది గుంటూరు, కృష్ణా వైపు వాళ్ళు. మిగతా సగం నల్లగొండ, మహబూబ్‌నగర్. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు మోచేతులు దగ్గరికి తీసుకున్నారు. అందరూ నన్నే చూస్తున్నారు. తెనాలి యాస నా నోట్లో ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోను?

"గ్రామర్ ప్రకారం కరెక్టే," అన్నాను చివరికి.

ఒకరిద్దరు నవ్వారు. అక్క తల దించుకుంది. క్లాసు అయ్యాక మెట్ల దగ్గర నిలబడి, "వాని మాట పట్టించుకోకుండ్రి సార్, వానికి నోటికి తాళం లేదు," అంది. కిందికి దిగేసరికి తమ్ముడు టీ కొట్టు దగ్గర రెండు గ్లాసులు పట్టుకుని ఉన్నాడు. ఒకటి నాకిచ్చాడు. రాతపరీక్షలో ఎలాంటి ప్రశ్నలు వస్తాయో చెబుతూ టీ తాగాడు.

ఆ తర్వాత బంద్ ఉన్న ప్రతిసారీ ముందురోజు సాయంత్రం అతని దగ్గర్నుంచి ఫోను వచ్చేది. "సార్, రేపు షట్టర్ తియ్యకుండ్రి. పొద్దుగాల్నే తిరుగుతరు." పెట్టేసేవాడు. నేను మా ఇన్‌స్టిట్యూటు ఓనరుకు చెప్పేవాణ్ణి. ఓనరు, "మీకెలా తెలుస్తోందండీ ఇంత ముందుగా?" అని అనుమానంగా చూసేవాడు.

ట్యాంక్‌బండ్ వైపు పెద్ద ర్యాలీ ఉందన్న రోజు అతను పొద్దున్నే ఎల్బీనగర్ నుంచి నడిచి బయల్దేరాడు. తర్వాత ఏం జరిగిందన్నది నేను నలుగురి నోటి నుంచి ముక్కలుగా విన్నదే. మధ్యలో ఎక్కడో రోడ్డుకు అడ్డంగా కంచె వేసి ఉందట. జనం వెనక నుంచి ఒత్తుతుంటే కొందరు పక్కనున్న గోడ ఎక్కి అవతలికి దూకారట. ఇతనూ దూకాడు. అవతల ఎత్తు ఎంతో చూసుకోలేదు. వెల్లకిలా పడ్డాడు. లేచేలోపు అతని మీద ఇంకొకరు పడ్డారు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తొయ్యలేదు. తిట్టుకోవడానికి కూడా ఒక మనిషి లేకుండా జరిగిపోయింది.

రెండు రోజులకు అక్క ఫోను చేసింది. అప్పటికి అతన్ని ఆమె పనిచేసే ఆసుపత్రికే మార్చి ఆపరేషన్ చేశారు.

"సార్, జర మీరొస్తరా? డాక్టర్ సార్ మాట్లాడుతడంట. తెలుగు రాదు ఆయనకు, కేరళాయన. నాకు సగం సమజైతది, సగం కాదు. గా సగంతోనే పరేషానైతుంది."

ఆ రోజు కూడా బంద్. చంపాపేట నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా నడిచాను. దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర కాలిన టైరు ఇంకా పొగలు కక్కుతోంది. దాని పక్కనుంచి ఒక ముసలాయన కూరగాయల సంచీతో మామూలుగా నడిచి పోతున్నాడు. నేను దారిపొడుగునా డాక్టరు వాడబోయే మాటలకు తెలుగు వెతుక్కుంటూ నడిచాను. స్పైన్ అంటే వెన్నెముక. కార్డ్ అంటే? వెన్నులోపలి నరం అనొచ్చు. పరీక్షకు పోతున్నట్టుగా ఉంది నాకు.

డాక్టరు పెద్దమనిషి. మమ్మల్ని కూర్చోబెట్టి, ఎక్స్‌రేలు దీపానికి పెట్టి నెమ్మదిగా చెప్పాడు. ఒక్కో వాక్యం అయ్యాక ఆగేవాడు. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. ఎముక సరిచేశారు. నరం బాగా నలిగింది. నడుము కింద స్పర్శ లేదు. కొన్ని నెలలు చూడాలి. ఇంతవరకూ నాకు కష్టం కాలేదు. ఎముకకూ నరానికీ మాటలున్నాయి. ఆమె ప్రతిదానికీ "ఆఁ" అంటోంది. రిసెప్షన్ యూనిఫాం చీరలోనే ఉంది, భుజం దగ్గర పేరు బిళ్ళ కూడా తియ్యలేదు.

అప్పుడు నేను అడిగాను, నడుస్తాడా అని. డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"వియ్ కెన్ హోప్," అన్నాడు. "బట్ ఐ వుడ్ నాట్ ఎక్స్‌పెక్ట్ ఇట్."

నేను ఆమె వైపు తిరిగాను. నోరు తెరిచాను. ఇరవైమంది ముందు బస్సుల సమ్మె పేరు చెప్పి నవ్వించిన మనిషిని. నాకు ఆ రెండు క్రియలకూ మధ్య ఎంత దూరముందో ఆ గదిలో అందరికన్నా బాగా తెలుసు. తెలిసే మాట రాలేదు.

ఆమే ముందు అంది. "ఆఖరి మాట చెప్పకుండ్రి సార్. తెలిసింది."

డాక్టరు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది.

"నాట్ ఎక్స్‌పెక్ట్ అన్నడు కద?"

"అవునమ్మా."

"హోప్ అని గూడ అన్నడు."

"అన్నారు."

"మొదలు హోపే అన్నడు సార్," అంది ఆమె.

బయట వరండాలో తల్లి కూర్చుని ఉంది. ఊరి నుంచి ఎవరి బండి మీదో వచ్చింది. మమ్మల్ని చూసి లేచి నిలబడింది. అక్క నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయి, గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మకేం చెప్పాలె సార్? గా ఇంగ్లీష్‌ల రెండున్నయి. మనకాడ ఒక్కటే కద."

ఒక్కటే కాదు. ఆశ ఉంది, నమ్మకం ఉంది. ఆశ ఉంది కానీ నమ్మకం లేదంటే డాక్టరు అన్నదానికి దాదాపు సరిపోతుంది. కానీ ఆసుపత్రి వరండాలో నిలబడి, ఒక తల్లితో 'డాక్టరు నమ్మకం లేదన్నాడు' అంటే తెలుగులో దానర్థం వేరు. అది పోయేవాళ్ళ గురించి అనే మాట. ఆ మాట వింటే ఆమె అక్కడే కూలబడిపోతుంది. నేను అర్థం సరిగ్గా చెప్పబోతే అర్థం తప్పిపోతుంది.

"ఏమన్నడు బిడ్డా?" అని తల్లే దగ్గరికి వచ్చింది.

"మంచిగైతదన్నడమ్మా. జర టైం పడ్తది," అంది అక్క.

తల్లి నా ముఖంలోకి చూసింది, చదువుకున్నవాడు కూడా అదే అంటాడా అని. నేను తలూపాను. ఊపకుండా ఎలా ఉంటాను?

తల్లి లోపలికి వెళ్ళాక అక్క గోడకు ఆనుకుని, నాతో కాకుండా ఎదురుగా ఉన్న లిఫ్టు తలుపుతో చెబుతున్నట్టు అంది. "పోవద్దంటే ఆగుతుండె. నా మాట ఎన్నడు దాటలే. అక్కా పోయొస్త అన్నడు. పొమ్మనలే, వద్దనలే. చపాతీలు చేసుకుంట ఊకున్న." మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాను. తాగలేదు. గ్లాసు చేతిలో పట్టుకుని డ్యూటీ ఉందని కిందికి దిగిపోయింది.

మళ్ళీ వెళ్ళినప్పుడు తమ్ముడు మెలకువగా ఉన్నాడు. తల్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బత్తాయి వలుస్తోంది. అతను నన్ను చూసి కళ్ళతోనే పలకరించాడు. నేను వాతావరణం గురించీ క్లాసు గురించీ ఏదేదో మాట్లాడాను. అతను వినడం లేదు. తల్లి వైపు ఒకసారి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఒక్కో మాటా నేల మీద పెట్టినట్టు పలికాడు.

"సర్. విల్ ఐ వాక్?"

ఎన్ని నెలలు బతిమాలినా అనని ఇంగ్లీషు వాక్యం. ఒక్క తప్పు లేదు. తల్లికి తెలియకూడదని ఆ భాష ఎంచుకున్నాడు.

"ద డాక్టర్ హోప్స్ సో," అన్నాను.

అతను నా ముఖం మీంచి చూపు తీయలేదు. "ఓన్లీ హోప్స్?"

తల్లి వలిచిన తొన ఒకటి అతని నోటికి అందించింది. అతను పక్కకు తిప్పుకున్నాడు. నేను నేల వైపు చూశాను.

"ఎస్," అన్నాను.

అతను కళ్ళు మూసుకున్నాడు. "ఏమంటుండు సారూ?" అని తల్లి నన్నడిగింది. నేను తడుముకునేలోపే, కళ్ళు తెరవకుండా అతనే జవాబు చెప్పాడు.

"క్లాసు చెప్తుండమ్మా. మొన్న పోలే కద."

"జర మంచిగ చెప్పుండ్రి సారూ," అంది ఆమె, మిగిలిన తొనలు నా చేతిలో పెడుతూ. "నౌకరి ఒచ్చేటట్టు చెప్పుండ్రి." బత్తాయి తొనలు చేతిలో పట్టుకుని నేను చాలాసేపు అలాగే కూర్చున్నాను. తినబుద్ధి కాలేదు, పక్కన పెట్టడానికీ ధైర్యం లేకపోయింది.

ఆసుపత్రి నుంచి తీసుకువచ్చాక వాళ్ళు మెట్లు లేని ఇల్లు కావాలని గడ్డిఅన్నారంలో పళ్ళ మార్కెట్ వెనక సందులోకి మారారు. సందులోకి వెళ్ళే ముందే కుళ్ళిన పళ్ళ వాసన పలకరించేది. లారీలు రివర్సు చేసే చప్పుడు మధ్య అతను మంచం మీద కూర్చుని ఉండేవాడు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వారానికి కొన్ని రోజులు వచ్చేది. అక్క క్లాసు మానేసింది. నేను తీరికైనప్పుడల్లా వెళ్ళేవాణ్ణి. పుస్తకం తీసేవాళ్ళం కాదు. టీవీలో వార్తలు నడుస్తుండేవి. ఉద్యమం గురించి అతను నాతో వాదించడం మానేశాడు. అది నాకు అన్నిటికన్నా బాధగా ఉండేది. అతను నన్ను ఏదైనా అనాలని ఎదురు చూసేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున అక్క ఫోను చేసింది. ఆమె గొంతు నేను అలా ఎప్పుడూ వినలేదు. "సార్, వేలు కదిలింది. కుడికాలు బొటనవేలు. అమ్మ చూసింది."

ఆటో పట్టుకుని వెళ్ళాను. తల్లి దుప్పటి పైకి తీసి పాదం బయట పెట్టి ఉంచింది. "నా కండ్లతోటి చూసిన సారూ. గిట్ల అన్నది," అని తన వేలు వంచి చూపించింది. మేం ముగ్గురం ఆ వేలు చుట్టూ చేరాం. పాదం బాగా సన్నబడిపోయింది. గోరు పొడుగ్గా పెరిగి ఉంది. అతను పళ్ళు బిగించి, మెడ నరాలు ఉబ్బేలా ప్రయత్నిస్తున్నాడు. ఫ్యాను గాలికి దుప్పటి అంచు కదిలింది. వేలు కదల్లేదు. ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. చివరికి అతనే, "ఊకోండ్రి, సార్‌కు చాయ్ పెట్టుండ్రి," అన్నాడు. తల్లి దుప్పటి కప్పలేదు. ఇంకా కాసేపు చూద్దామంది. టీ తాగి నేను బయటికి వచ్చేటప్పుడు కూడా ఆ పాదం అలాగే బయట ఉంది.

ఆ తర్వాత ఆ వేలు కదలలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి అది కండరం తనంతట తాను అదరడం కావచ్చని చెప్పిందట.

తెలంగాణ ఖాయమని వార్త వచ్చిన సాయంత్రం నేను అనుకోకుండా వాళ్ళింట్లోనే ఉన్నాను. సందు మొదట్లో పటాకులు మొదలయ్యాయి. అక్క డ్యూటీ నుంచి వస్తూ మిఠాయి తెచ్చింది. చెంప మీద గులాబీ రంగు ఉంది, దారిలో ఎవరో పూశారట. తమ్ముడు, "నన్ను రోడ్డు మీదికి తీస్కపోండ్రి," అన్నాడు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మేమిద్దరం తోసుకుంటూ మార్కెట్ గేటు దాకా తీసుకువెళ్ళాం. హమాలీలు, లారీ డ్రైవర్లు, కాలేజీ పిల్లలు, అందరూ డప్పుల చుట్టూ ఎగురుతున్నారు. ఒకతను పరుగున వచ్చి మా ముగ్గురి ముఖాలకూ రంగు పూసి, "జై తెలంగాణ అన్నా," అని తమ్ముడి చేయి ఊపి మళ్ళీ గుంపులోకి వెళ్ళిపోయాడు. నేను ఎక్కడివాణ్ణో అతనికి తెలియదు. ఈ కుర్చీ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలియదు.

తమ్ముడు చేయి పైకెత్తి జై అన్నాడు. నిజంగా సంతోషించాడు. నేను దగ్గరుండి చూశాను, అందులో అబద్ధం లేదు. తర్వాత పటాకుల పొగకు దగ్గు వచ్చింది. దగ్గితే నడుము నొప్పి. "పోదాం పా అక్కా," అన్నాడు. డప్పుల గుంపు రోడ్డంతా నిండిపోయి ఉంది. కుర్చీ తిప్పుకోవడానికి దారి దొరకలేదు. జరగమని అడిగితే ఆ మోతలో ఎవరికీ వినపడలేదు. వాళ్ళు అలసిపోయేదాకా మేం ముగ్గురం అక్కడే, రంగు ముఖాలతో ఉండిపోయాం.

కొన్నాళ్ళకు తల్లి పట్టుబట్టింది, ఊరికి తీసుకుపోతానని. అక్కడ నూనెతో మర్దన చేసే మనిషి ఉన్నాడట, చాలామందిని నడిపించాడట. అక్క నన్ను పిలిచి, "ఏమంటరు సార్?" అంది. డాక్టరును అడగమన్నాను. "అడిగిన. నష్టం లేదన్నడు," అంది. లాభం సంగతి ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. తమ్ముడు మాత్రం, "ఊర్ల గాలన్న ఒస్తది. ఈడ బత్తాయిల వాసనకు సస్తున్న," అన్నాడు. పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటానని కూడా అన్నాడు.

వాళ్ళు వెళ్ళిన పొద్దున నేనూ సాయం పట్టాను. చిన్న ట్రాలీ బండిలో వెనక పరుపు వేసి అతన్ని పడుకోబెట్టాం. తల్లి తల దగ్గర కూర్చుంది. కుర్చీ మడిచి కాళ్ళ వైపు పెట్టాం. ఎల్బీనగర్ దాకా అక్కా నేనూ ముందు డ్రైవరు పక్కన కూర్చున్నాం. ఆసుపత్రి ముందు బండి ఆగింది. ఇద్దరం దిగాం. ఆమె వెనక్కి వెళ్ళి, తమ్ముడి మెడ కింద తువ్వాలు సర్దింది.

"ఆదివారం ఆదివారం ఒస్తా," అంది.

"డ్యూటీ చూస్కో అక్కా. అస్తమానం రాకు," అన్నాడు. నాతో, "సార్, ఊరికి రాండ్రి ఒకపారి," అన్నాడు. వస్తానన్నాను. బండి హైవే వైపు తిరిగి, లారీల మధ్య కనపడకుండా పోయింది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. టైమవుతోందని మెట్లెక్కి అద్దాల తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. కౌంటరు ముందు అప్పటికే ఒక ముసలామె, ఆమె కొడుకూ ఏవో కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. అక్క తన కుర్చీలో కూర్చుని, వాళ్ళ వైపు కొంచెం వంగి ఏదో అడగసాగింది. అద్దంలోంచి మాటలు వినపడలేదు. కాసేపు బయటే నిలబడ్డాను. ఆమె తలెత్తి నన్ను చూసి, ఇంక పొమ్మన్నట్టు చేయి ఊపింది. నేను చంపాపేట ఆటో ఎక్కాను.